ఏకవచనం

అమీర్‌పేటలో నాగేశ్వరి చేతి కూర తినని స్టూడెంటు ఉంటాడేమో గానీ, ఆమె కొట్టుకొచ్చి 'అండి' అనిపించుకోకుండా వెళ్ళిన స్టూడెంటు మాత్రం లేడు. మీసాలు సరిగా మొలవని కుర్రాడు వచ్చి నిలబడ్డా "ఏం కావాలండి బాబూ? దొండకాయ వేపుడు ఇప్పుడే దించాను, పట్టుకెళ్ళండి" అంటుంది. అంటూనే కవరు నోరు తెరిచి, గరిటెడు కూర వేసి, మూతి మెలితిప్పి, వేలికి తగిలించుకున్న రబ్బరు బ్యాండు లాగి బిగిస్తుంది. ఆమె బిగించిన బ్యాండు జారిందనీ, సాంబారు బ్యాగులో ఒలికిందనీ ఇంతవరకూ ఎవరూ తగువుకి రాలేదు. మర్యాద విషయంలోనూ ఆమె అంత బిగువే. తణుకులో పుట్టి పెరిగిన మనిషి. ఎదుటివాళ్ళని 'మీరు' అనడం, వాళ్ళ చేత 'మీరు' అనిపించుకోవడం ఆమెకి పొద్దున లేచి ముఖం కడుక్కోవడం లాంటిది.

అలాంటి నాగేశ్వరిని పట్టపగలు, పంజగుట్ట నడిరోడ్డు మీద, ఒక ట్రాఫిక్ హోంగార్డు 'నువ్వు' అన్నాడు.

తప్పు ఆమెదే. అది ఆమె కూడా కాదనదు. మధ్యాహ్నం పంజగుట్టలో ఒక లేడీస్ హాస్టల్‌కి కూరలు ఇచ్చి రావాలి. సరైన దారిలో పోవాలంటే ఫ్లైఓవర్ దాటి, ఎక్కడో యూటర్న్ తీసుకుని, మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి. ఎదురు వెళ్తే హాస్టల్ సందు ఇదిగో, పిలిస్తే పలికేంత దగ్గర. ఈ ఊళ్ళో సగంమందిలాగే ఆమె కూడా 'ఇంత ముక్కకేగా' అనుకుని, స్కూటీ మీద కాళ్ళ దగ్గర కూరల సంచి పెట్టుకుని, రోడ్డు అంచు పట్టుకుని ఎదురు వెళ్ళేది. ఇంతకుముందు కెమెరాలు ఫొటోలు తీశాయి, చలాన్లు వచ్చాయి, కట్టేసింది. ఆ రోజు మాత్రం కెమెరా కాదు, మనిషే వచ్చాడు.

ముఖానికి దుమ్ము పట్టిన గుడ్డ మాస్కు, కళ్ళకి నల్లద్దాలు. పరుగున వచ్చి చెయ్యి అడ్డంగా చాపాడు.

"అమ్మా! ఏడికి పోతున్నవ్? ఆపు. దిగు నువ్వు."

"ఒక్క నిమిషమండి, ఇదే సందు..."

"దిగమంటున్న గద అమ్మా! ముందుగాల దిగు నువ్వు."

ఆమె దిగలేదు. యాక్సిలరేటర్ మీంచి చెయ్యి కూడా తీయలేదు. అతను వంగి బండి తాళం లాగేశాడు. ఎక్కడో ఒక బస్సు చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. బండి కుదుపుకి సంచి ఒరిగి, అడుగునున్న ప్యాకెట్టు నలిగి, ములక్కాడ పులుసు ఆమె చెప్పుల మీద పడింది. బస్టాపులో జనం అంతా ఇటే చూస్తున్నారు. వాళ్ళలో ఇద్దరు రోజూ ఆమె దగ్గర పెరుగు కొనే పిల్లలే. ఒకడు నవ్వాడు. ఎందుకు నవ్వాడో వాడికైనా తెలుసో లేదో గానీ, ఆ నవ్వు ఆమెకి పులుసు కన్నా వేడిగా తగిలింది.

ఎస్సై వచ్చి పాత చలాన్లన్నీ ఫోన్‌లో చూశాడు. ఇన్నిసార్లు రాంగ్ సైడ్ కాబట్టి లైసెన్స్ తీసుకుంటున్నామని, రెండు రోజులు ట్రాఫిక్ క్లాసుకు వస్తే తిరిగి ఇస్తామని చెప్పి, రసీదు చేతిలో పెట్టాడు. ఆమె వింటున్నట్టు తల ఊపింది గానీ చెవిలో 'నువ్వు' ఒక్కటే గింగురుమంటోంది.

సాయంత్రం కూతురు సంహిత ఆఫీసు నుంచి వచ్చేసరికి నాగేశ్వరి సాంబారులోకి చిన్న ఉల్లిపాయలు వలుస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలవల్ల కాదని సంహితకి చూడగానే తెలిసిపోయింది. జరిగిందంతా విని నిప్పులు తొక్కినట్టు లేచింది.

"వాడెవడమ్మా నిన్ను నువ్వు అనడానికి? అసలు తాళం లాక్కునే హక్కే లేదు వాళ్ళకి!"

ఫోన్ తీసి, ట్రాఫిక్ పోలీసుల ఫిర్యాదుల నంబరుకి మెసేజ్ టకటకా కొట్టి, పంపేముందు పైకి చదివింది. "విధుల్లో ఉన్న హోంగార్డు ఒకరు మా అమ్మగారిని ఏకవచనంతో సంబోధించి, 'దిగు నువ్వు' అని గద్దించి, తాళం లాక్కుని, పదిమందిలో అవమానించారు."

"ఏకవచనం" అంది నాగేశ్వరి, పైట చెంగుతో ముక్కు తుడుచుకుంటూ. "బాగుందమ్మా మాట. పంపు."

మర్నాడే ఫోన్ వచ్చింది. అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంది. ఆ హోంగార్డుని జంక్షన్ నుంచి తప్పించారట. క్లాసు రెండో రోజు అయిపోయాక, క్లాసు చెప్పే ఇన్‌స్పెక్టర్ మేడమే ఆమె స్టేట్‌మెంట్ తీసుకుంటారట. "మీరు కంప్లైంట్ మీద నిలబడితే అతని పని అయిపోయినట్టే మేడమ్. హోంగార్డు ఉద్యోగానికి పర్మనెంట్ ఏముంది, తీసేస్తే తీసేసినట్టే" అన్నాడు. నాగేశ్వరి 'అలాగేనండి' అని పెట్టేసింది. అయ్యో అని ఒక్క క్షణం అనిపించకపోలేదు. బస్టాపులో నవ్విన కుర్రాడు గుర్తొచ్చేసరికి ఆ అయ్యో కాస్తా ఆవిరైపోయింది.

క్లాసు పెద్ద రేకుల హాల్లో. బడికి ఆలస్యమై హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డవాళ్ళలా ఉన్నారందరూ. బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, ఆటోవాళ్ళు, ఎవరి ముఖం వాళ్ళు ఫోన్‌లో దాచుకున్నారు. నాగేశ్వరి పక్కన కూర్చున్న మనిషి ఒక్కడే పెళ్ళికొచ్చినట్టున్నాడు. కోరమీసం, నిటారైన నడుము.

"నా పేరు వీర్రాజండి. కృష్ణానగర్‌లో ఉంటాను. సినిమాల్లో పోలీసు వేషాలు వేస్తాను" అన్నాడు అడక్కుండానే. "షూటింగ్ నుంచి వస్తూ హెల్మెట్ లేకుండా దొరికిపోయానండి. ఒంటిమీద డ్రెస్సు అలాగే ఉంది. ఆపిన కానిస్టేబుల్ ఠపీమని సెల్యూట్ కొట్టబోయి, కాళ్ళకి హవాయి చెప్పులు చూసి ఆగిపోయాడు."

చాలా రోజులకి నాగేశ్వరికి నవ్వొచ్చింది. నవ్వుతూ ఎండ పడుతున్న కిటికీ నుంచి కుర్చీ జరుపుకోబోయింది. మోకాలు పట్టేసి 'అమ్మా' అంది. వెనక కుర్చీలు సర్దుతున్న మనిషి గబగబా వచ్చాడు. తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు, నున్నగా గీసిన గడ్డం, ముప్పై దాటిన వయసు.

"అమ్మా, నువ్వు ఈడ కూసో. ఫ్యాన్ కింద. ఆడ ఎండ కొడ్తది."

మళ్ళీ నువ్వు. నాగేశ్వరి ముఖం ముడుచుకుంది. వీళ్ళందరికీ ఇదొక్కటే నేర్పుతారు కాబోలు అనుకుంది. అనుకున్నా, ఫ్యాను గాలి మాత్రం హాయిగా తగిలింది.

ఇన్‌స్పెక్టర్ రవళి వచ్చింది. వయసులో సంహిత కన్నా పెద్దదేం కాదు, గొంతు మాత్రం హాలు చివరిదాకా పోతుంది. యాక్సిడెంట్ల వీడియోలు చూపించింది, గుర్తుల అర్థాలు అడిగింది. అడిగినవన్నిటికీ అందరూ సరిగ్గానే చెప్పారు. అప్పుడు చేతిలో కర్ర బల్ల మీద పెట్టేసింది.

"చూశారా, రూల్స్ మీకన్నీ తెలుసు. తెలిసే తప్పుతున్నారు. దాని గురించి రేపు మాట్లాడుకుందాం. ఇప్పుడు పోలీసులంటే మీకెందుకు పడదో చెప్పండి. నేనేం అనుకోను, ఒట్టు."

ముందు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఎవరూ మూయలేదు. మెట్రో పిల్లర్ చాటున దాక్కుని ఫొటోలు కొడతారని ఒకరు, పెద్ద కార్లని వదిలేసి బళ్ళవాళ్ళని పట్టుకుంటారని ఇంకొకరు. నాగేశ్వరి ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలీదు.

"తప్పు చేస్తే చలాన్ వేయండి. క్లాసుకి రమ్మంటే వచ్చాం. కానీ తల్లి వయసున్న మనిషిని పట్టుకుని నువ్వు, దిగు అనొచ్చాండీ? కొట్టుకొచ్చే చిన్న పిల్లల్ని కూడా నేను మీరు అంటాను. ఖాకీ బట్టలేసుకుంటే నోటికి మర్యాద అక్కర్లేదా?"

హాలంతా చప్పట్లు. వీర్రాజు అయితే ఈల కూడా వేశాడు. రవళి చప్పట్లు కొట్టలేదు, నవ్వనూ లేదు. "మంచి మాట అడిగారు" అని ఊరుకుంది. ఆమె చూపు మాత్రం నాగేశ్వరి మీద నుంచి హాలు వెనక్కి వెళ్ళి వచ్చింది. అక్కడ కుర్చీలు సర్దే మనిషి చేతిలో కుర్చీ చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

క్లాసు వదిలాక అతనే నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాడు.

"అమ్మా, నువ్వు మంచిగ చెప్పినవ్. భయపడకుంట చెప్పినవ్."

'నువ్వు' అనొద్దని చెప్పిన మాటని 'నువ్వు' అంటూనే మెచ్చుకునేవాణ్ణి ఏం చెయ్యాలో నాగేశ్వరికి తోచలేదు. నీళ్ళు తాగి గ్లాసిచ్చేసింది. బయటికొస్తే, ఎండలో పెట్టిన స్కూటీ గోడ నీడలో ఉంది. సీటు మీద అట్టపెట్టె విప్పి పరిచి ఉంది.

"హ్యాండిల్ లాక్ ఎయ్యలే నువ్వు. సీటు కాలుతదని జరిపిన" అన్నాడతను, ఏదో తప్పు చేసి దొరికినవాడిలా.

సాయంత్రం కొట్లో ప్యాకెట్లు కడుతూ నాగేశ్వరి కూతురికి చప్పట్ల సంగతి చెప్పింది. అట్టపెట్టె సంగతీ చెప్పింది.

"ఎంత ఒద్దికైన అబ్బాయోనే. అతనూ నువ్వు అనే అంటాడనుకో, కానీ..."

"కానీ లేదు, అర్ధణా లేదు" అంది సంహిత, పెరుగు కవర్లు లెక్కపెడుతూ. "నువ్విలాగే మెత్తబడిపోతావు. రేపు స్టేట్‌మెంట్ దగ్గర గట్టిగా నిలబడు. ఒక్కడికి బుద్ధొస్తే పదిమంది నేర్చుకుంటారు."

రెండో రోజు క్లాసు జంక్షన్‌లో. వ్యాన్‌లో పంజగుట్ట తీసుకొచ్చి, తలా ఒక బోర్డు చేతికిచ్చి, కూడలి చుట్టూ నిలబెట్టారు. నాగేశ్వరికి వచ్చిన బోర్డు మీద 'రాంగ్ సైడ్ వెళ్ళకండి, ఇంట్లో మీ కోసం చూస్తున్నారు' అని ఉంది. ఆమెని నిలబెట్టింది సరిగ్గా హాస్టల్ సందుకి కాస్త ఇవతల, ఎడమవైపు మలుపులో. ఇది ఎవరైనా కావాలని చేశారా, లేక తన కర్మ ఇలా కాలిందా అనుకుంది. పక్కన వీర్రాజు తన బోర్డుని తుపాకీలా భుజాన వేసుకుని నిలబడ్డాడు.

క్లాసుని తీసుకొచ్చింది కుర్చీలు సర్దే మనిషే. బోర్డులు పంచడం అయ్యాక జేబులోంచి గుడ్డ మాస్కు తీసి ముఖానికి కట్టుకున్నాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, వాహనాలకి ఎదురుగా తిరిగి, చెయ్యి చాపాడు.

అతనే. మాస్కు లేకుండా రెండు రోజులు చూసిన ముఖం మాస్కు వేసుకునేసరికి వాడైపోయింది. తను ఎవరో ఇతనికి ముందే తెలుసన్నమాట. ఫ్యాను, నీళ్ళు, అట్టపెట్టె, అన్నీ అందుకేనన్నమాట. కాకా పట్టాడు. ఒళ్ళు మండింది. దగ్గరికెళ్ళి కడిగేద్దామని ఒక అడుగు వేసింది కూడా. కానీ ఎడమ మలుపులోంచి బస్సు వచ్చేసరికి ఆగాల్సి వచ్చింది.

ఆగి చూసింది. ఈ చోట ఇలా నిలబడి ఆమె ఎప్పుడూ చూడలేదు. స్కూటీ మీద అంచు పట్టుకుని వెళ్ళడమే తెలుసు. ఇక్కణ్ణుంచి చూస్తే బస్సులు మెట్రో పిల్లర్ చుట్టూ ఎంత వేగంగా తిరుగుతాయో కనిపిస్తోంది. ఎదురొచ్చే చిన్న బండి డ్రైవరుకి ఆఖరి క్షణం దాకా కనిపించదని కూడా కనిపిస్తోంది. ఆ రోజు చెవులు చిల్లులు పడేలా మోగిన హారన్ ఏ బస్సుదో, ఎటునుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. చెప్పుల మీద పడిన పులుసు చూసుకుంటూ ఆమె ఆ బస్సుని చూడనే లేదు.

అప్పుడే ఆ మోటారుసైకిల్ వచ్చింది. టై కట్టుకున్న నడివయసు పెద్దమనిషి. హెల్మెట్‌లోకి ఫోన్ దోపుకుని మాట్లాడుకుంటూ, రోడ్డు అంచు పట్టుకుని, అచ్చం ఆమెలాగే ఎదురొస్తున్నాడు. మలుపులో ఇంకో బస్సు. అజహర్... అతని పేరు అజహర్ అని తర్వాత తెలిసింది, అతను అవతల ఆటోని ఆపుతూ అటు తిరిగి ఉన్నాడు. చూసింది నాగేశ్వరి ఒక్కతే.

"ఒరేయ్!"

ఆ కేక తన గొంతులోంచే వచ్చిందని ఆమెకి వెంటనే అర్థం కాలేదు.

"ఒరేయ్! ఎక్కడికిరా పోతున్నావు? ఆగు! ఆగమంటున్నానా నిన్ను!"

బోర్డు కింద పడింది. ఆమె రెండు చేతులతో ఆ మోటారుసైకిల్ హ్యాండిల్ పట్టుకుని ఇవతలికి లాగింది. బస్సు గాలి ఇద్దరి బట్టలూ ఎగరేస్తూ పక్కనుంచి వెళ్ళిపోయింది.

పెద్దమనిషి బండి దిగి హెల్మెట్ తీశాడు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏంటండీ ఇది? ఒరేయ్ ఏంటి? మర్యాదగా మాట్లాడటం రాదా మీకు?"

అచ్చం తమ ఊళ్ళ మాటే. పాలకొల్లో, నరసాపురమో. నాగేశ్వరి హ్యాండిల్ ఇంకా వదల్లేదు.

"అడ్డమైనవాళ్ళనీ తెచ్చి రోడ్డు మీద నిలబెడతారు. పేరు చెప్పండి. కంప్లైంట్ ఇస్తాను" అంటూ అతను ఫోన్ పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు.

ఫోన్‌కీ ఆమెకీ మధ్యలో తెల్ల చొక్కా వచ్చి నిలబడింది. అజహర్ నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మాస్కు కిందికి లాగాడు. ముఖం పూర్తిగా కనిపించేలా ఫోన్ ముందుకి జరిగాడు.

"నన్ను తీయ్ సార్. అమ్మ క్లాసుకు వచ్చింది, పబ్లిక్. ఈడ డ్యూటీ నాది. ఏమన్న ఉంటే నా మీద రాయ్."

"చూశారా! నన్ను తీయ్, రాయ్ అంటున్నాడు! నేనెవరో తెలుసా నీకు?"

"తెల్వదు సార్. జర పక్కకు రా, బస్సొస్తది."

పెద్దమనిషి తీసుకోవలసినంత వీడియో తీసుకుని, మీ సంగతి చూస్తానని బండి తిప్పుకుని పోయాడు, ఈసారి సరైన వైపు. వీర్రాజు కింద పడ్డ బోర్డు తీసి దుమ్ము దులిపి ఇచ్చాడు. ఏదో హాస్యమాడబోయి, నాగేశ్వరి ముఖం చూసి మానుకున్నాడు.

అజహర్ ఆమెని పిల్లర్ నీడలో అరుగు మీద కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్ళిచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి అడిగింది.

"నేనెవరో మీకు ముందే తెలుసా?"

"తెల్సమ్మా. ఈడికెల్లి తీసి క్లాసుల ఏసిన్రు, మొదటి దినమే గుర్తువట్టిన."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు నా చేతి నీళ్ళు సుత తాగకపోతుంటివి." అతను సీసా మూత తిప్పుతూ నేల చూశాడు. "మా ఇంట్ల ఉర్దూ అమ్మా. యూసుఫ్‌గూడలనే పుట్టిన గని తెలుగు గీ డ్యూటీల నేర్చిన, రోడ్డు మీద. అందరు నువ్వే అంటరు, నేను సుత గట్లనే అన్న. అమ్మా అంటున్న గద, ఇజ్జత్ ఇచ్చినట్టే అనుకున్న. నువ్వు అంటే మీ దిక్కు తప్పని నిన్న నువ్వు క్లాసుల చెప్పేదాంక ఎరుక లేదు."

నాగేశ్వరి సీసా పక్కన పెట్టింది. అమ్మా అన్నాడా ఆ రోజు? ఒకటికి రెండుసార్లు గుర్తు తెచ్చుకుంది. అన్నాడు. మొదటి మాటే అది. ప్రతి 'నువ్వు'కీ తోడు ఒక 'అమ్మా' వచ్చింది. ఆమె చెవి నువ్వుని పట్టుకుని అమ్మని బయటే వదిలేసింది.

"ఇప్పుడు నా బదులు మీరెందుకండీ ముఖం చూపించారు? మీ మీద ఇప్పటికే నేను..."

"ఒకటి ఉన్నది, ఇంకోటి గూడ ఉంటది" అన్నాడు అజహర్. "నువ్వు ఆయన పానం కాపాడినవ్. నీ మీద కేసు రాస్తే ఇంకోపారి ఎవరినన్న ఆపుతవా?"

ఎండలోకి వెళ్ళిపోయాడు. నాగేశ్వరి నీడలో కూర్చుని అతన్నే చూసింది. ఇన్నేళ్ళుగా ఈ కూడలి దాటుతోంది. ఆపినప్పుడు తప్ప ఒక్కనాడైనా వీళ్ళ ముఖం చూసిందా? వాళ్ళకీ అంతే, తప్పు చేసినప్పుడు తప్ప మనం కనపడం. ఏ గొడవా లేకుండా ఇంటికి చేరిన రోజులన్నిట్లో ఎవరికి ఎవరూ కనపడలేదు. ఆ రోజులే ఎక్కువ. వాటికి ఎవరికీ ఎప్పుడూ దండం పెట్టలేదు తను. ఈ మనిషిని తలుచుకుంటే ముందు కృతజ్ఞత వస్తోంది, దాని వెనకే సిగ్గు.

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ రవళి గదిలో బల్ల మీద సంహిత పంపిన ఫిర్యాదు అచ్చు తీసి ఉంది. అజహర్ తలుపు బయట నిలబడి ఉన్నాడు.

"హోంగార్డు మిమ్మల్ని ఏకవచనంతో సంబోధించాడని రాశారు. నిజమేనా?"

"నిజమేనండి."

"తాళం లాక్కున్నాడు?"

"లాక్కున్నాడండి."

రవళి పెన్ను కింద పెట్టింది. "అతనూ అదే చెప్పాడు. నువ్వు అన్నవా అంటే అన్న మేడమ్ అన్నాడు. తాళం తీసినవా అంటే తీసిన అన్నాడు. ఒక్క ముక్క దాచలేదు. దాస్తే నేనేమైనా చూసేదాన్నేమో. మీరూ అదే అంటున్నారు కాబట్టి ఇది పైకి వెళ్తుంది. దీనికి తోడు ఇందాకటి వీడియో కూడా వచ్చింది, రోడ్డు మీద ఒరేయ్ అన్నారని. అందులో ఉన్న ముఖం ఇతనిదే." ఆమె గొంతు తగ్గింది. "తాళం తీయడం తప్పే, దానికి నేను మెమో ఇచ్చాను. ఉద్యోగం పోయేది మాత్రం ఈ మాటకే. మీరేమైనా చెప్పాలా?"

అబద్ధం ఆడితే తేలికే. అనలేదు, నాకే సరిగా వినపడలేదు అంటే సరిపోతుంది. కానీ బయట నిలబడ్డవాడు అన్నానని ఒప్పుకున్నాక, తను అనలేదంటే అతన్ని అబద్ధాలకోరుని చేసినట్టవుతుంది. నాగేశ్వరి పైట భుజం చుట్టూ లాక్కుంది.

"కంప్లైంటులో ఒక మాట వదిలేశామండి."

"ఏం మాట?"

"అమ్మా అని. అతను 'దిగు నువ్వు' అనలేదండి. 'అమ్మా, దిగు నువ్వు' అన్నాడు. ముందు మాట మేం రాయలేదు. రాసుంటే మీరు ఇంకోలా చదివేవారు."

రవళి పెన్ను తీసుకుంది.

"ఆ వీడియో సంగతి కూడా రాయండి. ఒరేయ్ అన్నది అతను కాదు, నేను. ఆ పెద్దమనిషి ఎవరో నాకు తెలీదు. ముందు బాబూ అని కూడా పెట్టలేదు. హ్యాండిల్ పట్టుకుని లాగాను. తాళం చేతికి అందితే అదీ లాగేసేదాన్ని."

"ఎందుకన్నారు?"

"చచ్చిపోతాడనండి" అంది నాగేశ్వరి. ఆ మాటతో అంతవరకూ ఆపుకున్న ఏడుపు బయటికొచ్చేసింది. "బస్సొచ్చేస్తోంది. దయచేసి ఆగండి అనడానికి టైము లేదండి."

రవళి చాలాసేపు రాసింది. రాసింది చదివి వినిపించింది. ఒక్క మాట కూడా వదల్లేదు. నాగేశ్వరి సంతకం పెట్టి బయటికొచ్చేసరికి అజహర్ కనపడలేదు. హాల్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న చప్పుడు వినిపించింది.

ఇంటికెళ్ళి అంతా చెబితే సంహిత మొదట గొడవ పడింది, తర్వాత నిదానించింది.

"అమ్మా అన్నాడని నాకు చెప్పలేదేం మరి?"

"నాకే వినపడలేదమ్మా, నీకేం చెప్పను" అంది నాగేశ్వరి.

తర్వాతి వారం లైసెన్స్ చేతికొచ్చింది. నాగేశ్వరి ఇప్పుడు ఫ్లైఓవర్ దాటి, యూటర్న్ తీసుకుని, అంత దూరమూ తిరిగి హాస్టల్‌కి వెళ్తోంది. కూరలు కాస్త చల్లారుతున్నాయని ఆడపిల్లలు గొణుగుతున్నారు, గొణగనీ అనుకుంది. వెళ్ళినప్పుడల్లా జంక్షన్‌లో ఎవరున్నారో చూస్తోంది. ఎవరో కొత్తవాళ్ళు. ఒక రోజు సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా మాస్కు, నల్లద్దాలు పెట్టుకున్న మనిషి ఆమె బండి వైపు నడిచొచ్చాడు. నాగేశ్వరి ఈసారి ముఖం చూడకుండానే గుర్తుపట్టింది.

"నమస్తే అమ్మగారు" అన్నాడు అజహర్. మాస్కు వెనక ఊపిరి బిగబట్టి, పరీక్షలో పాఠం ఒప్పజెబుతున్నట్టు ఒక్కొక్క మాటే కూడదీసుకున్నాడు. "మీరు... మంచిగున్నవా అండి?"

నాగేశ్వరికి నవ్వాగలేదు. హెల్మెట్‌లోనే నవ్వింది, కళ్ళు నిండిపోయేదాకా.

"ఏమైంది? తప్పొచ్చిందా అమ్మగారు?"

"ఏం తప్పు రాలేదు. నాకీ గారూ అండీ వద్దు బాబూ. మామూలుగా పిలవండి."

"లేదమ్మా, మల్ల ఈడ డ్యూటీ ఇచ్చేటప్పుడు రవళి మేడమ్ చెప్పింది. అందరిని మీరు అనాలె. రోజు ప్రాక్టీస్ చేస్తున్న. జర టైం పడ్తది గని వస్తది. నువ్వు ఫికర్ చెయ్యకు."

తను ఏమన్నాడో అతను గమనించలేదు. నాగేశ్వరి విన్నది. ఈసారి రెండు మాటలూ విన్నది.

సిగ్నల్ పచ్చబడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. అజహర్ మలుపు దగ్గరికి పరుగెత్తి, తిరగబోతున్న బస్సుకి ఎదురుగా చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆమెకి రెండు చేతులూ జోడించాలనిపించింది. హ్యాండిల్ వదలడానికి లేదు. హెల్మెట్‌తోనే తల వంచి, అతని పక్కనుంచి నెమ్మదిగా వెళ్ళిపోయింది.